మెదడు తీరు వేరైతే... జబ్బేనా?

ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా. వీటిని రుగ్మతలుగా చూడాలా? మనుషుల్లో సహజంగా ఉండే రకరకాల తీరుల్లో ఇవీ భాగమేననుకోవాలా? పాశ్చాత్య దేశాల్లో పాతికేళ్లకు పైగా నడుస్తున్న ఈ వాదన ఇప్పుడు మన థెరపీ కేంద్రాల గుమ్మం దాకా వచ్చింది. పిల్లాడికి ఏ శిక్షణ ఇప్పించాలి, దేనికి డబ్బు ఖర్చు పెట్టాలి, వాడి ముందు వాడి గురించి ఏమని మాట్లాడాలి అన్నవన్నీ దీంతోనే ముడిపడి ఉన్నాయి.

మూడేళ్ల పిల్లాడికి ఆటిజం ఉందని డాక్టర్ చెప్పగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న దాదాపుగా ఒక్కటే. 'తగ్గుతుందా?' రెండోది, 'ఎన్నాళ్లు పడుతుంది?' టైఫాయిడ్ గురించి అడిగినట్టే అడుగుతారు. అందులో తప్పేం లేదు. ఆసుపత్రిలో కూర్చోబెట్టి, ఇంగ్లిష్‌లో ఒక పేరు చెప్పి, ఫైలు తెరిస్తే ఎవరైనా జబ్బనే అనుకుంటారు. ఆ రాత్రి ఫోన్‌లో వెతికితే మాత్రం వేరే లోకం కనిపిస్తుంది. ఇది జబ్బు కాదు, మెదడు పనిచేసే మరో పద్ధతి, మమ్మల్ని బాగుచేయాలని చూడకండి అంటూ ఆటిజం ఉన్న పెద్దవాళ్లే మాట్లాడుతుంటారు. ఆ పక్కనే, కొద్ది నెలల్లో ఆటిజాన్ని మాయం చేస్తామనే ప్రకటన. ఎవరిని నమ్మాలి?

ఆ ప్రకటన సంగతి తర్వాత చూద్దాం. జబ్బంటున్నవాళ్ల మాటలోనూ, కాదంటున్నవాళ్ల మాటలోనూ నిజం ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, ఒకే పేరు కింద ఎన్నో రకాల పిల్లల్నీ, ఎన్నో రకాల ఇబ్బందుల్నీ చేర్చేసి, అన్నిటికీ కలిపి ఒకే జవాబు కావాలంటున్నాం.

స్కాన్‌లో కనిపించదు

డెంగీకి రక్తపరీక్ష ఉంది. ఎముక విరిగితే ఎక్స్‌రేలో తెలుస్తుంది. ఆటిజం గానీ ఏడీహెచ్‌డీ గానీ ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష, స్కాన్ ఇప్పటికీ లేవు. డాక్టర్ ఎంఆర్ఐ, ఈఈజీ రాశారంటే అది మూర్ఛ లాంటి వేరే సమస్య ఉందేమో చూడటానికే. నిర్ధారణ అంతా బిడ్డను గమనించడం, ఇంట్లోవాళ్లను అడగడం, ప్రమాణాలతో పోల్చడం మీదే నడుస్తుంది. ఆటిజానికి మన దేశంలో వాడే 'ఐసా' స్కేలులో ఇలా చూడాల్సిన అంశాలు 40 ఉన్నాయి.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5ను ప్రపంచమంతా ప్రామాణికంగా వాడుతోంది. అందులో ఆటిజం లక్షణాలన్నీ చెప్పాక ఒక షరతు ఉంటుంది. ఆ లక్షణాల వల్ల రోజువారీ జీవితంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది కలుగుతుండాలి. లేకపోతే ఆ పేరు పెట్టకూడదు. చూడటానికి చిన్న షరతే. కానీ ఇబ్బంది ఎప్పుడూ మనిషిలోనే ఉండదు, ఆ మనిషి ఉన్న చోటులో కూడా ఉంటుంది. పెద్ద చప్పుడు వింటే చెవులు మూసుకునే పిల్ల ఊళ్లో నానమ్మ ఇంటి అరుగు మీద హాయిగా ఆడుకుంటుంది. అదే పిల్ల రేకుల కప్పు కింద అరవై మంది ఒకేసారి ఎక్కాలు చదివే తరగతిలో రోజూ ఏడుస్తుంది. రెండు చోట్లా మెదడు ఒకటే.

మన భాష కూడా ఇక్కడ కొంత తికమక పెడుతుంది. ఇంగ్లిష్‌లో డిసీజ్, డిజార్డర్, డిజబిలిటీ అని మూడు వేర్వేరు మాటలున్నాయి. మనం డిజార్డర్‌ను 'రుగ్మత' అంటున్నాం. రోగం అన్నా రుగ్మత అన్నా మూలం ఒక్కటే. దాంతో రుగ్మత అనగానే దానికెక్కడో మందు ఉండి తీరాలి అనిపిస్తుంది. 'తగ్గుతుందా?' అనే ప్రశ్న సగం అక్కడి నుంచే పుడుతోంది.

పుర్రచేయి మానిపించిన తరం

ఎడమచేత్తో బలపం పట్టుకుంటే వేళ్ల మీద కొట్టి, కుడిచేత్తో దిద్దించిన తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. పుర్రచేతివాటం పదిమందిలో ఒకరికి ఉంటుంది. ఇప్పుడు దానికెవరూ వైద్యం చేయించరు. కత్తెరలు, కుర్చీలు కుడిచేతివాళ్ల కోసం చేసినవి కాబట్టి వాళ్లకు ఇబ్బంది ఉందని ఒప్పుకుంటాం, అంతే. స్వలింగ ఆకర్షణను మానసిక వ్యాధుల జాబితాలోంచి అమెరికా మానసిక వైద్యుల సంఘం తీసేసింది 1973లో. అంటే ఏది రుగ్మత అన్నది ప్రకృతి గీసిన గీత కాదు. మనుషులే గీస్తారు, మనుషులే చెరిపి మళ్లీ గీస్తారు.

ఆటిజం చరిత్రలోనూ ఇలాంటి దిద్దుబాట్లు చాలానే ఉన్నాయి. మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు 1920లలోనే ఇలాంటి పిల్లల గురించి వివరంగా రాశారు. ఎక్కువమందికి తెలిసింది మాత్రం 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసం, మరుసటి ఏడాది వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ రాసిన వ్యాసం. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు తల్లుల పాలిట చీకటి రోజులు. బిడ్డకు ప్రేమ పంచని 'ఫ్రిజ్ లాంటి' తల్లుల వల్లే ఆటిజం వస్తుందని పెద్దపెద్ద నిపుణులే నమ్మారు. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తనకూ ఆటిజం ఉన్న కొడుకు ఉండటంతో, ఇది పుట్టుకతో మెదడులో వచ్చే తేడాయేనని 1964లో పుస్తకం రాశాకే ఆ నింద సడలడం మొదలైంది. ఒక్క మాట ఇక్కడ చెప్పుకోవాలి. ఆనాడు తల్లుల్ని కాపాడింది 'ఇది వైద్యపరమైన విషయం' అనే మాటే. మన దగ్గర ఉద్యోగం చేసే కోడలిని, ఫోన్ ఇచ్చి వదిలేసిందనీ, మాట్లాడించలేదనీ అత్తింటివారు ఇప్పటికీ తప్పుపడుతున్నారు. ఆ ఇళ్లలో ఆ మాట ఇంకా అవసరమే.

రెండో మలుపు 1993లో వచ్చింది. తనకు ఆటిజం ఉన్న జిమ్ సింక్లెయిర్ కెనడాలోని టొరంటోలో జరిగిన సదస్సులో తల్లిదండ్రుల్ని ఉద్దేశించి, మా కోసం శోకించకండి అన్నారు. మీరు ఊహించుకున్న బిడ్డ రాలేదని బాధపడితే పడండి, కానీ వచ్చిన బిడ్డ మీ ముందే ఉన్నాడు కదా అన్నది ఆ ప్రసంగ సారాంశం. 1998లో ఆస్ట్రేలియాకు చెందిన జూడీ సింగర్ తన పరిశోధన వ్యాసంలో, అదే ఏడాది అమెరికా పాత్రికేయుడు హార్వీ బ్లూమ్ ఒక పత్రికలో 'న్యూరోడైవర్సిటీ' అనే భావనను పరిచయం చేశారు. తెలుగులో నాడీ వైవిధ్యం అంటున్నారు. జూడీ సింగర్ ఈ లక్షణాల్ని తన తల్లిలో, తనలో, తన కూతురిలో చూశారు. మూడు తరాలుగా ఉన్నదాన్ని జబ్బనుకోవడం ఆమెకు కుదరలేదు. 'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' అని మనవాళ్లు ఎప్పుడో అనుకున్న మాటే ఇది, కాకపోతే దీని వెనక హక్కుల పోరాటం ఉంది.

ఆధారాలేం చెబుతున్నాయి?

ఇదేదో మంచి మనసుతో చెప్పే ఊరడింపు మాత్రమే కాదు. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, ఇజ్రాయెల్, పశ్చిమ ఆస్ట్రేలియాల్లో 20 లక్షల మంది పిల్లల వివరాలతో 2019లో వచ్చిన అధ్యయనం, ఆటిజంలో 80 శాతం దాకా పాత్ర వంశపారంపర్యానిదేనని తేల్చింది. చాలామందిలో దీనికి ఒక్క 'చెడ్డ జన్యువు' అంటూ ఉండదు. మనందరిలోనూ కొద్దికొద్దిగా ఉండే వందలాది జన్యు తేడాలు ఒకరిలో ఎక్కువగా పోగవుతాయి. ఎత్తు, రంగు కూడా ఇలాగే వస్తాయి.

డిస్లెక్సియా సంగతి ఇంకా ఆసక్తికరం. ఇటలీ, ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల్లో డిస్లెక్సియా ఉన్న విద్యార్థుల మెదడు స్కాన్లను పోల్చి 2001లో ఒక అధ్యయనం వచ్చింది. చదివేటప్పుడు ముగ్గురి మెదడులోనూ ఒకేచోట చురుకు తక్కువగా ఉంది. అయినా ఇటలీ విద్యార్థులు మిగతా ఇద్దరికన్నా బాగా చదివారు. కారణం భాషే. ఇటాలియన్‌లో రాసినట్టే పలుకుతారు. ఇంగ్లిష్‌లో ఓ-యూ-జీ-హెచ్ అనే నాలుగు అక్షరాల్ని ఒక మాటలో 'ఓ' అనాలి, మరోదాంట్లో 'ఊ', ఇంకోదాంట్లో 'అఫ్'. తెలుగు కూడా రాసినట్టే పలికే భాష. గుణింతాలు, ఒత్తులు నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టొచ్చు గానీ ఒకసారి పట్టుబడితే మోసం చేయవు. ఇంట్లో పుస్తకం మొహం చూడని భాషలో ఎల్‌కేజీ నుంచే చదువు మొదలుపెట్టి, పిల్లాడు వెనకబడితే లోపమంతా వాడి మెదడుదే అనేయడం ఎంతవరకు సబబు?

ఏడీహెచ్‌డీ మీద కెన్యాలో ఒక చిన్న అధ్యయనం జరిగింది. అక్కడ అరియాల్ అనే పశువుల కాపరుల్లో కొందరు ఇంకా సంచారం చేస్తున్నారు, కొందరు ఊళ్లలో స్థిరపడ్డారు. ఏడీహెచ్‌డీతో సంబంధముందని భావించే ఒక జన్యు రకం ఉన్న సంచారులు మిగతా సంచారులకన్నా మంచి ఒంటి పుష్టితో ఉన్నారు. అదే జన్యు రకం ఉండి స్థిరపడినవాళ్లు తోటివాళ్లకన్నా బక్కచిక్కి ఉన్నారు. 2008లో వచ్చిన ఈ ఒక్కదాన్ని పట్టుకుని పెద్ద సిద్ధాంతాలు కట్టలేం. కుదురుగా కూర్చోకపోవడం ఎక్కడ కష్టం, ఎక్కడ లాభం అన్నది మాత్రం ఆలోచించాల్సిందే.

ఆటిజం ఉన్నవాళ్లకు మనుషులతో మాట కలపడం రాదన్న నమ్మకం కూడా కొంత సడలింది. ఇది ఒకవైపు లోపం కాదు, రెండు వైపులా ఒకరికొకరు అర్థం కాకపోవడమని బ్రిటన్‌కు చెందిన డామియన్ మిల్టన్ 2012లో వాదించారు. ఆయనకూ ఆటిజం ఉంది. ఎడిన్‌బరో పరిశోధకులు దీన్ని పరీక్షించారు. ఒక కథను చెవిలో చెబితే పక్కవారికి, వారు ఆ పక్కవారికి చెప్పుకుంటూ పోవాలి. ఆటిజం ఉన్నవాళ్లే ఉన్న వరుసలో కథ మిగతావాళ్ల వరుసలో అంత బాగానూ చివరిదాకా చేరింది. ఇద్దర్నీ కలిపిన వరుసలో కథ త్వరగా చెదిరిపోయిందని 2020లో ప్రకటించారు. తర్వాత మరింతమందితో చేసినప్పుడు ఆ రెండో తేడా కనిపించలేదు. మొదటి సంగతి మాత్రం నిలబడింది.

మరి మాటే రాని బిడ్డ?

ఇక్కడిదాకా చదివిన కొందరు తల్లులకు ఈపాటికే కోపం వచ్చి ఉంటుంది. పదేళ్లొచ్చినా దాహమేస్తే చెప్పలేని బిడ్డ, రాత్రి రెండింటికి లేచి గోడకు తల కొట్టుకునే బిడ్డ, తలుపు తీసి ఉంటే రోడ్డు మీదకు పరుగెత్తే బిడ్డ ఉన్న ఇంట్లో 'ఇదొక వైవిధ్యం' అనే మాట వెక్కిరింపులా వినిపిస్తుంది. వేదికలెక్కి మాట్లాడేవాళ్లు మా బిడ్డలాంటివాళ్లు కాదు కదా అంటారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే.

లాన్సెట్ కమిషన్ 2021లో ఇలాంటివారి కోసం 'ప్రొఫౌండ్ ఆటిజం' అనే పేరు సూచించింది. మాటలు రాక, లేదా బుద్ధిమాంద్యం తీవ్రంగా ఉండి, 24 గంటలూ పెద్దవాళ్ల తోడు కావాల్సినవాళ్లు వీళ్లు. అమెరికాలో ఆటిజం ఉన్న ఎనిమిదేళ్ల పిల్లల్లో 26.7 శాతం మంది ఈ కోవలోకి వస్తారని 2023లో లెక్క తేల్చారు. అంటే నలుగురిలో ఒకరు. ఆటిజం ఉన్న కొందరు పెద్దవాళ్లకు ఈ విభజన నచ్చలేదు. మనుషుల్ని మళ్లీ పైమెట్టు, కిందిమెట్టు అని విడదీస్తున్నారన్నది వాళ్ల భయం. భయంలో అర్థముంది గానీ, పేరు లేకపోతే ఈ నాలుగోవంతు పిల్లలు లెక్కలోకే రారు. పరిశోధనల్లో పాల్గొనేది, సర్వేలకు జవాబులిచ్చేది ఎక్కువగా మాట వచ్చినవాళ్లే.

ఇంకొందరిలో ఆటిజం లక్షణాల వెనక స్పష్టమైన వ్యాధి ఉంటుంది. ట్యూబరస్ స్క్లెరోసిస్, రెట్ సిండ్రోమ్, ఫ్రాజైల్ ఎక్స్ లాంటివి ఒక్క జన్యువు దెబ్బతినడం వల్ల వస్తాయి. వాటిని వైవిధ్యమంటే వైద్యం అందకుండా చేసినట్టే.

ఒకే అధ్యయనం, రెండు జవాబులు

ఈ వాదన మొత్తాన్ని తేల్చకపోయినా, ఎలా ఆలోచించాలో చూపించే అధ్యయనం ఒకటుంది. 2016లో స్వీడన్‌లో వచ్చింది. ఆటిజం ఉన్న 27 వేల మందికి పైగా వ్యక్తుల వివరాలు చూశారు. ఆ కాలంలో మరణించినవారి సగటు వయసు మిగతా జనంలో 70 ఏళ్లయితే, వీళ్లలో 54. పదహారేళ్ల తేడా! బుద్ధిమాంద్యం కూడా ఉన్నవాళ్లలో ఆ వయసు నలభైకి చేరలేదు. కారణాల దగ్గరే అసలు విషయం ఉంది. బుద్ధిమాంద్యం ఉన్నవారి మరణాల వెనక మూర్ఛ లాంటి నరాల జబ్బులు ప్రధానంగా కనిపించాయి. బుద్ధిమాంద్యం లేనివారిలో ఆత్మహత్యలు బాగా ఎక్కువ.

మూర్ఛ జబ్బే. దానికి మందు వేయాలి, రోజూ వేయాలి, డాక్టర్ చెప్పకుండా ఆపకూడదు. ఆత్మహత్యల సంగతి వేరు. బ్రిటన్‌లో 2018లో జరిగిన అధ్యయనంలో, తమ తీరును దాచుకుని నలుగురిలో మామూలుగా కనిపించడానికి ఎక్కువ తంటాలు పడేవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువని తేలింది. అక్కడ ప్రాణం తీస్తున్నది మెదడు తీరు ఒక్కటే కాదు, దాన్ని దాచుకోవాల్సి రావడం కూడా. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరికి కావాల్సింది మాత్ర, మరొకరికి కావాల్సింది దాచుకోనక్కర్లేని చోటు.

అందుకే ఆటిజం రుగ్మతా, వైవిధ్యమా అని మొత్తానికి అడిగే బదులు, మన బిడ్డలో కనిపించే ఒక్కోదాన్నీ విడిగా పట్టుకుని అడగడం మేలు. దీనివల్ల బాధపడుతున్నది బిడ్డా, చూసేవాళ్లా? ఫిట్స్, నిద్రపట్టకపోవడం, తిండి ఒంటికి చాలకపోవడం, తనను తాను గాయపరుచుకోవడం లాంటివాటికి వైద్యం కావాలి. ఉన్నట్టుండి తల కొట్టుకోవడం మొదలైతే ముందు చెవిపోటు, పన్నునొప్పి, మలబద్ధకం ఉన్నాయేమో చూడాలి. నొప్పని చెప్పలేని బిడ్డ చెప్పే పద్ధతి అదే కావచ్చు. చేతులు ఆడించడం, బొమ్మకార్లను వరుసగా పేర్చడం, పెళ్లిలో బ్యాండు మోగితే చెవులు మూసుకోవడం ఎవరికీ హాని చేయవు. బంధువులు చూస్తున్నారని వాటిని మాన్పించడానికి డబ్బులు పోయక్కర్లేదు.

కళ్లలోకి చూడటం గురించి కాస్త చెప్పుకోవాలి. చంటిబిడ్డ తల్లి మొహంలోకి చూడకపోవడం గుర్తించాల్సిన లక్షణమే, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి. కానీ నిర్ధారణ అయ్యాక కూడా చాలా కేంద్రాల్లో మొదటి లక్ష్యం 'ఐ కాంటాక్ట్' అనే రాస్తారు. పెద్దవాళ్ల కళ్లలోకి చూస్తూ ఎదురు మాట్లాడొద్దని పిల్లలకు నేర్పిన మన ఇళ్లలో ఇది మొదటి లక్ష్యం ఎప్పుడైందో! చూపు తిప్పుకుంటేనే మాట సరిగా వినగలిగే పిల్లలున్నారు. విన్నాడా లేదా అన్నది ముఖ్యం.

థెరపీ ఎందుకోసం?

అమెరికాలో ఐవార్ లోవాస్ 1987లో ప్రచురించిన ఫలితాలతో ఏబీఏ పద్ధతికి పేరొచ్చింది. 19 మంది చిన్నపిల్లలకు వారానికి 40 గంటల చొప్పున రెండేళ్లకు పైగా శిక్షణ ఇస్తే, 9 మంది మామూలు పిల్లల్లా బడికి వెళ్లగలిగారన్నారు. ఆ శిక్షణలో గట్టిగా అరవడం, తొడ మీద కొట్టడం కూడా భాగమే. ఇప్పటి ఏబీఏ చాలా మారింది, కొట్టడం లేదు. అయినా ఆ పద్ధతిలో పెరిగి పెద్దయిన కొందరు, మాకు నేర్పింది బతకడం కాదు, నటించడం అంటున్నారు. వాళ్ల మాట వినకుండా ఉండలేం.

అలాగని థెరపీలే వద్దనుకోవడం పెద్ద పొరపాటు. మాట నేర్పే స్పీచ్ థెరపీ, బొత్తాలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం లాంటి పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ బిడ్డ బతుకును తేలిక చేసేవి. మాట ఆలస్యమవుతుంటే బొమ్మల కార్డులు, ట్యాబ్ లాంటి సాధనాలతోనైనా తన అవసరం చెప్పుకోవడం నేర్పాలి. వాటికి అలవాటుపడితే ఇక మాట రాదని చాలామంది భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు.

తల్లిదండ్రుల్నే శిక్షణలో భాగం చేసే పద్ధతి ఒకదాన్ని గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లలతో పరీక్షించారు. 2016లో ఫలితాలొచ్చాయి. పెద్ద నిపుణులెవరూ లేరు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలే ఇళ్లకు వెళ్లారు. బిడ్డ ఆడుకుంటుంటే తల్లి వీడియోలో తనను తాను చూసుకుంటుంది. బిడ్డ దేన్ని చూస్తున్నాడు, ఏ సైగ చేశాడు, తను దాన్ని ఎక్కడ గమనించలేదు అన్నది తెలుసుకుంటుంది. ఆరు నెలల తర్వాత తల్లులు బిడ్డ తీరుకు తగ్గట్టు స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడమూ పెరిగింది. ఇక్కడ మార్పు మొదలైంది పెద్దవాళ్ల దగ్గర. రెండు వాదనల వాళ్లూ ఒప్పుకోగల పద్ధతి ఇది. మన జిల్లాల్లో ఇలాంటిది విరివిగా ఎందుకు లేదో తెలియదు గానీ, ఉండాల్సింది.

రెండు వైపులా గోతులు

జబ్బనే మాటను గట్టిగా పట్టుకున్నవాళ్లను నయం చేసేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. మూలకణాల ఇంజెక్షన్లు, ఒంట్లో లోహాలు తీసేసే మందులు, ఆక్సిజన్ గదులు... లక్షలు పోతాయి. మూలకణ చికిత్సను రక్త సంబంధ వ్యాధుల్లాంటి కొన్నింటికే చేయాలని, మిగతావాటికి అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో తప్ప వాడకూడదని భారతీయ వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. ట్రయల్‌కు డబ్బు అడిగితే అది ట్రయల్ కాదు. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ 2010లో వెనక్కి తీసుకుంది. అయినా ఆ పుకారు ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది.

జబ్బు కాదనే మాటకూ మన దగ్గర పాత రూపం ఒకటుంది. వాళ్ల నాన్న కూడా నాలుగేళ్లకే మాట్లాడాడు, మగపిల్లలకు మాటలు ఆలస్యం, వాడే నేర్చుకుంటాడులే అంటారు. ఇంటి పెద్దల నాడీ వైవిధ్య సిద్ధాంతం ఇది! ఒక్కోసారి నిజమే అవుతుంది. కానీ మాట ఆలస్యానికి కారణం వినికిడి లోపమైతే, ఆ ఎదురుచూపుల్లో పోయే రెండేళ్లు తిరిగి రావు. అందుకే పేరేమైనా ముందు చెవుల పరీక్ష చేయించాలి. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోతే, వచ్చిన మాటలు పోతే ఆగకుండా చూపించాలి.

ఏడీహెచ్‌డీలోనూ అంతే. చిన్నపిల్లల అల్లరిని జబ్బు చేయడం తప్పు. అయితే డెన్మార్క్‌లో 2015లో వచ్చిన పెద్ద అధ్యయనం ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో అకాల మరణాలు ఎక్కువని, వాటిలో ప్రమాదాలే ప్రధానమని చూపింది. స్వీడన్‌లో మగవారు మందు వాడుతున్న కాలంలో తీవ్రమైన రోడ్డు ప్రమాదాలు తక్కువగా జరిగాయి. పద్దెనిమిదేళ్లు నిండి బైక్ తాళాలు చేతికి తీసుకునే కుర్రాడి విషయంలో వైవిధ్యం, రుగ్మత అనే చర్చకన్నా ఈ సమాచారం ఎక్కువ పనికొస్తుంది.

చట్టం ఏ పేరుతో చూస్తుంది?

మన 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాన్ని కేవలం ఒంట్లోనో మెదడులోనో ఉన్న లోపంగా చెప్పదు. ఆ లోపానికి బయటి అడ్డంకులు తోడై సమాజంలో సమానంగా పాల్గొననీయకపోవడమే వైకల్యమంటుంది. నాడీ వైవిధ్యం అనేవాళ్లలో చాలామంది 'జబ్బు' అనే మాటను కాదంటారే గానీ, సాయం అవసరమైన వైకల్యమని ఒప్పుకుంటారు. మన తల్లిదండ్రులు తిరగాల్సిన దారి ఇక్కడి నుంచే మొదలవుతుంది. ముద్ర పడుతుందని ధ్రువపత్రం తీసుకోనివాళ్లు ఎందరో ఉన్నారు. బిడ్డకు ఇంట్లో ఏ పేరు పెట్టుకున్నా ఫర్వాలేదు, కాగితం మాత్రం దగ్గర ఉంచుకోవడం మంచిది.

చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు, బుద్ధిమాంద్యం ఉన్నాయి. ఏడీహెచ్‌డీ లేదు. దానితో పాటు అభ్యసన సమస్య కూడా ఉంటే దాన్ని విడిగా పరీక్ష చేయించుకోవాలి. చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్య ధ్రువీకరణ కావాలి. అది ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు, ఉన్నత విద్యలో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ చట్టంలో ఉన్నాయి. యూడీఐడీ కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.

చిన్నపిల్లల ఎదుగుదలలో అనుమానం ఉంటే జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్స కేంద్రాల్లో (డైక్) ఉచితంగా చూస్తారు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీలో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు పరీక్షలు, శిక్షణ ఉన్నాయి. నేషనల్ ట్రస్ట్ 'నిరామయ' బీమా కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీల ఖర్చు కూడా అందులో ఉంది. బిడ్డకు 18 ఏళ్లు నిండాక సొంతంగా నిర్ణయాలు తీసుకోలేని పరిస్థితి ఉంటే, కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి సంరక్షకుల నియామకం కోసం దరఖాస్తు చేయాలి. తల్లిదండ్రులైనా సరే, ఆ వయసు దాటాక చట్టం దృష్టిలో వాళ్లంతట వాళ్లు సంరక్షకులు కారు. మనసు బాగోలేక చావు ఆలోచనలు వస్తుంటే, పిల్లలకైనా పెద్దలకైనా, టెలీ మానస్ 14416 నంబరులో రోజంతా తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు.